మూలనపడిన ఇంటి జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి: లోపాన్ని వరుసగా వెతికే పద్ధతి

అక్టోబరు దగ్గరపడి బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినిపించగానే నాకు ఒకే ప్రశ్నతో ఫోన్లు వస్తుంటాయి. “పోయినేడాది ఒక్క లాగుకే స్టార్ట్ అయిన జనరేటర్ ఇప్పుడు చేతులు పడిపోయేలా తాడు లాగినా ఉలకడం లేదు, ఏం చేయాలండీ?” అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే, ఇంట్లో మీరే చూసుకోగలిగిన పనులన్నీ ఒక వరుసలో రాసి పెడితే చీకట్లో కూర్చున్నవారికి అక్కరకు వస్తుందని ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేదంతా ఇళ్లలో వాడే 1 నుంచి 5 కేవీఏ లోపు పెట్రోల్ జనరేటర్లకే వర్తిస్తుంది. డీజిల్ సెట్లనూ, అపార్ట్‌మెంట్ల కింద ఉండే పెద్ద సెట్లనూ సర్వీసు వారికే వదిలేయండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేక, మోటారు నడవక, నీళ్ల కోసం అల్లాడిన అనుభవంతో మేమూ ఒక జనరేటర్ కొన్నాం. నాలుగేళ్ల తరువాత తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని అతలాకుతలం చేసినప్పుడు దాన్ని వ్యానులో వేసుకుని అక్కడున్న మా చెల్లెలి ఇంటికి తీసుకెళ్లాను. ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. ఇంజిన్ లోపల ఏదో విరిగిందనుకున్నాను. చివరికి పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బొరేటర్ గిన్నె విప్పి చూస్తే, అడుగున పాకంలా గట్టిపడిన జిగురు ఉంది, ఆవగింజ కంటే చిన్నదైన జెట్ రంధ్రం (ఇంజిన్‌కు పెట్రోల్ వెళ్లే సందు) పూర్తిగా మూసుకుపోయింది. పాత వైరులోంచి లాగిన ఒక్క రాగి పోగుతో ఆ రంధ్రం తెరిచాక రెండో లాగుకే ఇంజిన్ అందుకుంది. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను మొదట అడిగేది ఒక్కటే: ట్యాంకులో ఉన్న పెట్రోల్ ఎప్పటిది? ఎందుకంటే మూలనపడిన జనరేటర్లలో నేను చూసినంతవరకు చాలాసార్లు పాడైంది ఆ పెట్రోలే.

మొదలుపెట్టే ముందు తప్పక పాటించవలసినవి

జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి, మగత మొదలయ్యేసరికే మనిషి లేచి నడవలేని స్థితికి రావచ్చు. అందువల్ల పరీక్ష కోసం రెండు నిమిషాలే నడిపినా సరే, గదిలోగానీ, వరండాలోగానీ, మెట్ల కింద, షట్టరు వేసిన పార్కింగులోగానీ నడపకండి. తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ మూతి ఇంటికి ఎదురు దిశలో ఉండేలా ఆరుబయట పెట్టండి. వర్షం పడుతోందని లోపలికి లాక్కుని నడపడమే ఎక్కువ మందిని ప్రమాదంలో పడేస్తుంది. వాన తగలకుండా పైన రేకు వేసుకోండి, నాలుగు పక్కలా మాత్రం తెరిచి ఉంచండి.

రెండోది, రెండు చివర్లా ప్లగ్ ఉన్న వైరు తయారు చేసి ఇంట్లో గోడ సాకెట్‌లోకి కరెంటు ఎక్కించే అలవాటు. దీన్ని ఎవరు చెప్పినా వినకండి. మెయిన్ ఆపడం ఒక్కసారి మరిచిపోతే మీ జనరేటర్ కరెంటు వీధి లైనులోకి వెళుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి వేల వోల్టులుగా మారుతుంది, స్తంభం మీద తెగిన తీగ కడుతున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెంటినీ విడదీసే చేంజోవర్ స్విచ్‌ను (వీధి కరెంటో, జనరేటర్ కరెంటో ఒక్కటే ఇంటికి అందించే స్విచ్) ఎలక్ట్రీషియన్ చేత బిగించుకోండి. అది లేనప్పుడు జనరేటర్ సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నేరుగా ఫ్రిజ్‌కో, ఫ్యానుకో ఇచ్చుకోవచ్చు.

ఇంజిన్ వేడిగా ఉండగా పెట్రోల్ పోయకండి, కనీసం పావుగంట ఆగండి. కార్బొరేటర్ విప్పి మీరు పని చేస్తున్నప్పుడు దగ్గరలో దీపం, సిగరెట్, దేవుడి గదిలోని అగరుబత్తీ సహా ఏ నిప్పూ ఉండకూడదు.

కావలసినవి

ప్లగ్ స్పానర్, 8, 10, 12 నంబరు స్పానర్లు, స్క్రూడ్రైవరు, పట్టుకునే చోట రబ్బరు తొడుగున్న కటింగ్ ప్లయరు, మామూలు మల్టీమీటరు, హోల్డరుకు వైరూ ప్లగ్గూ కట్టిన 60 వాట్ల బల్బు, పారదర్శకమైన గాజు సీసా, పాత నూలు గుడ్డ, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే, సన్నని గరుకు కాగితం, అప్పుడే బంకు నుంచి తెచ్చిన లీటరు పెట్రోల్ దగ్గర పెట్టుకోండి. మీ మోడల్‌కు సరిపోయే కొత్త స్పార్క్ ప్లగ్ ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోవడం మంచిది. స్ప్రే దొరకకపోతే తాజా పెట్రోల్‌తోనే కడుక్కోవచ్చు, కాస్త ఓపిక పట్టాలి. విప్పిన ప్రతి దశలోనూ ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి.

వరుసగా చేయవలసిన పని

1. ముందు లోపం ఏ రకమో తేల్చుకోండి. ఇంజిన్ అసలు స్టార్ట్ కాకపోవడం, స్టార్ట్ అయి ఆగిపోవడం లేదా ఊగిసలాడడం, ఇంజిన్ బాగానే నడుస్తున్నా కరెంటు రాకపోవడం అనేవి మూడు వేర్వేరు సమస్యలు. మొదటిదైతే ఇక్కడి నుంచి వరుసగా రండి. రెండోదైతే 2, 6, 7, 9 దశలు, మూడోదైతే 10వ దశ మీకు అవసరం. ఏ దశలోనైనా ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, స్టార్ట్ చేసి చూడండి. ప్లగ్గూ, ఫిల్టరూ, పెట్రోలూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు, రేపు మళ్లీ అదే సమస్య వచ్చినప్పుడు మొదటికి వస్తారు.

2. విప్పకుండా చూడవలసినవి. ఇంజిన్ స్విచ్ ఆన్‌లో ఉందా, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) తెరిచి ఉందా, చల్లటి ఇంజిన్‌కు చోక్ (గాలి తగ్గించే మీట) వేశారా, జనరేటర్ మీద లోడు ఏమీ లేకుండా తీసేశారా అన్నవి చూడండి. తరువాత జనరేటర్‌ను సమతలంగా ఉన్న నేల మీద పెట్టి ఆయిల్ చూడండి. చాలా మోడళ్లలో ఆయిల్ తక్కువైతే సెన్సారు స్పార్క్‌ను ఆపేస్తుంది, అప్పుడు ఎంత లాగినా ఇంజిన్ అందుకోదు. ఏటవాలుగా ఉన్న చోట పెట్టినా ఆయిల్ సరిపడా ఉండగానే సెన్సారు అలాగే ప్రవర్తిస్తుంది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే అయిదు పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది. మూత కాస్త వదులు చేయగానే మళ్లీ నడిస్తే లోపం అదే.

   ఆయిల్ చూసేటప్పుడు వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన వస్తూ మట్టం గీత కంటే పైకి వచ్చి ఉంటే, కాక్ మూయకుండా వదిలేసినందువల్ల పెట్రోల్ ఇంజిన్‌లోకి దిగిందని అర్థం. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులు అరిగిపోతాయి, మొత్తం తీసేసి కొత్తది పోయండి. తాడు అసలు కదలకుండా బిగుసుకుపోయినా బలవంతంగా లాగకండి. ప్లగ్ విప్పి మెల్లగా లాగండి. అప్పుడు తిరిగితే సిలిండర్‌లో పెట్రోల్ నిండిందన్నమాట. అప్పటికీ తిరగకపోతే అది మెకానిక్ చూడవలసిన పని.

3. పాత పెట్రోల్ పరీక్ష. కార్బొరేటర్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కాక్ తెరిచి, అందులోంచి వచ్చే పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టండి. అరగంట కదపకుండా ఉంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలిసి ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన కోస్తా గాలిలో తేమకు కొదవ లేదు కనుక నెలల తరబడి నిలవుంటే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా పేరుకుంటాయి, ఇంజిన్‌కు మొదట అందేది ఆ అడుగు పొరే. సీసాలో రెండు పొరలు కనిపించినా, మసకగా ఉన్నా, వార్నిష్ లాంటి పుల్లటి వాసన వచ్చినా ట్యాంకు మొత్తం ఖాళీ చేసి తాజా పెట్రోల్ పోయండి. పాతదానిలో కొత్తది కలిపి సరిపెట్టడం ఎక్కువ మంది చేసే తప్పు, దానివల్ల కొత్తది కూడా పాడవుతుంది. తీసిన పెట్రోల్‌ను కాలువలో పారబోయకండి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

   స్క్రూ విప్పినా చుక్క రాకపోతే కాక్ లోపలి జల్లెడగానీ, పైపుగానీ మూసుకుపోయింది. ముందు దాన్ని శుభ్రం చేయండి.

4. ప్లగ్ తడిగా ఉందా, పొడిగా ఉందా? చోక్ వేసి ఆరేడు సార్లు తాడు లాగి, వెంటనే ప్లగ్ విప్పి చూడండి. ఈ ఒక్క పరీక్ష వెతుకులాటను సగానికి తగ్గిస్తుంది. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు, 6వ దశకు వెళ్లండి. పెట్రోల్‌తో తడిసి ఉంటే పెట్రోల్ అందుతోంది కానీ అంటుకోవడం లేదు, 5వ దశ చూడండి. మసిపట్టి నల్లగా ఉంటే చోక్ ఎక్కువసేపు వేసి ఉంచారు, లేదా గాలి అందడం లేదు.

   తడిసి కారుతూ ఉంటే సిలిండర్ నిండిపోయిందని అర్థం. కాక్ మూసి, చోక్ తీసేసి, ఇంజిన్ స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ వైరును రంధ్రానికి దూరంగా పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని అయిదారు సార్లు తాడు లాగండి. లోపలి పెట్రోల్ తుంపరగా బయటికి వస్తుంది. పావుగంట ఆరనిచ్చి, తుడిచిన ప్లగ్ బిగించి, చోక్ లేకుండా స్టార్ట్ చేయండి.

5. స్పార్క్ పరీక్ష. ఒలికిన పెట్రోల్ అంతా తుడిచి ఆరాకే ఇది చేయాలి. విప్పిన ప్లగ్‌ను దాని క్యాప్‌లో పెట్టి, రబ్బరు తొడుగున్న ప్లయరుతో పట్టుకుని, ప్లగ్ మరలున్న భాగాన్ని ప్లగ్ రంధ్రానికి దూరంగా ఇంజిన్ ఇనుముకు ఆనించండి. స్విచ్ ఆన్ చేసి ఇంకొకరిని తాడు లాగమనండి. నీడలో చూస్తే చిటపటమంటూ నీలిరంగు స్పార్క్ కనిపించాలి. ఎర్రగా నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా కొత్త ప్లగ్ పెట్టి మళ్లీ చూడండి. ప్లగ్ కొనల మధ్య సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి.

   కొత్త ప్లగ్‌తోనూ స్పార్క్ రాకపోతే, ఆయిల్ సరిపడా ఉందని రూఢి చేసుకున్న తరువాత మాత్రమే, ఆయిల్ సెన్సారు వైరు కనెక్టరు విడదీసి ఒక్కసారి పరీక్షించండి. అప్పుడు స్పార్క్ వస్తే సెన్సారు పాడైంది. పరీక్ష అయ్యాక విడదీసిన వైరును మళ్లీ కలపండి, సెన్సారు కొత్తది వేయించండి. అప్పుడూ రాకపోతే స్విచ్ గానీ, ఇగ్నిషన్ కాయిల్ గానీ మార్చవలసి వస్తుంది. ప్లగ్ తిరిగి బిగించేటప్పుడు మొదటి మరలు చేత్తోనే తిప్పండి. చేతికి బిగిశాక పాత ప్లగ్ అయితే పావు చుట్టు, కొత్తదైతే అర చుట్టు స్పానర్‌తో తిప్పితే చాలు.

6. కార్బొరేటర్ శుభ్రం చేయడం. ఇది చూసి భయపడేవారు ఎక్కువ, కానీ గిన్నె వరకు విప్పడం ఇంట్లో చేసుకోదగిన పనే. కాక్ మూసి, డ్రెయిన్ స్క్రూ ద్వారా ఉన్నదంతా తీసేసి, గిన్నె అడుగు బోల్టు విప్పండి. గిన్నె కింద తెల్లటి పళ్లెం పెట్టుకుంటే పడిపోయే చిన్న వాషర్లు కనిపిస్తాయి. గిన్నె అంచున ఉన్న రబ్బరు రింగు ఉబ్బిపోతే వెంటనే తిరిగి కూర్చోదు, ఆరనివ్వండి. ఫ్లోట్‌ను (గిన్నెలో పెట్రోల్ మీద తేలే ముక్క) వేలితో మెల్లగా పైకీ కిందికీ ఆడించండి, ఎక్కడా పట్టేయకూడదు.

   మధ్యలో నిలువుగా ఉన్న గొట్టం అడుగున మెయిన్ జెట్ ఉంటుంది. దానికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరుతోనే విప్పండి, అది ఇత్తడిది కనుక గాటు చెదిరితే మళ్లీ రాదు. విప్పిన జెట్‌ను ఆకాశం వైపు పెట్టి ఒక కన్నుతో చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచులు స్పష్టంగా, వెలుతురు చుక్కలా కనిపించాలి. అలా కనిపించకపోతే స్ప్రే కొట్టి, పది నిమిషాలు నాననిచ్చి, వైరులోని ఒక్క రాగి పోగును గుచ్చి తీయండి. సూది, గుండుసూది, ఇనుప తీగ వాడితే రంధ్రం పెద్దదై ఇంజిన్ శాశ్వతంగా పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, పొగ వస్తుంది. ఈ తప్పు చేసి కార్బొరేటర్ మొత్తం మార్చుకున్నవారిని చూశాను.

   బిగించాక కాక్ తెరిచి అయిదు నిమిషాలు ఊరికే గమనించండి. గిన్నె అంచునగానీ పైపు దగ్గరగానీ తడి కనిపిస్తే స్టార్ట్ చేయకండి.

   పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌కు మార్చే పాత జనరేటర్ ఉన్నవారికి ఒక మాట. ఆపే ముందు కొద్ది నిమిషాలు పెట్రోల్ మీద నడపకపోతే గిన్నెలో కిరోసిన్ మిగిలిపోతుంది, చల్లటి ఇంజిన్‌లో అది అంటుకోదు. గిన్నె ఖాళీ చేసి పెట్రోల్ నింపితే చాలు.

7. గాలి దారి. ఎయిర్ ఫిల్టరు తీసి చూడండి. స్పాంజి రకమైతే సబ్బు నీళ్లలో పిండి, పూర్తిగా ఆరాక మీ మోడల్ పుస్తకంలో ఉన్నట్టయితే చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి పిండి పెట్టాలి. కాగితం రకాన్ని కడగకూడదు, మార్చాలి. మూలన పెట్టిన జనరేటర్లలో కందిరీగలు ఫిల్టరు పెట్టెలోనో సైలెన్సర్ మూతిలోనో మట్టి గూడు కట్టడం మామూలే, టార్చి వేసి చూడండి.

8. సెల్ఫ్ స్టార్ట్ ఉంటే బ్యాటరీ. తాడుతో స్టార్ట్ అవుతూ బటన్‌కు కాకపోతే లోపం బ్యాటరీ వైపే. విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపాలి. బటన్ నొక్కినప్పుడు 10 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించింది. ముందు టెర్మినళ్ల మీది తెల్ల పొడిని వేడి నీళ్లతో కడిగి, తుడిచి బిగించి చూడండి.

9. ఇంజిన్ ఊగిసలాడుతుంటే. గుర్రుమని పెరుగుతూ, తగ్గుతూ నడుస్తుంటే, నడుస్తుండగానే చోక్‌ను సగం మూయండి. స్థిరపడితే పెట్రోల్ తక్కువ అందుతోంది, అంటే జెట్ సగం మూసుకుపోయింది లేదా కార్బొరేటర్ గ్యాస్కెట్ దగ్గర గాలి పీలుస్తోంది. 6వ దశ మళ్లీ శ్రద్ధగా చేయండి. ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్క్రూ తిప్పి సరిచేయబోకండి. ఈ జనరేటర్లలో సాధారణ రకం నిమిషానికి 3000 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ వస్తుంది, స్క్రూ తిప్పితే వోల్టేజీతో పాటు అదీ చెదిరి ఫ్రిజ్ కంప్రెసరు మీద పడుతుంది.

10. ఇంజిన్ నడుస్తున్నా కరెంటు లేకపోతే. జనరేటర్ మీది ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) పడిపోయి ఉందేమో చూసి, పూర్తిగా కిందికి నొక్కి పైకి ఎత్తండి. ఇంటి వైరింగు వదిలేసి, 60 వాట్ల బల్బును నేరుగా జనరేటర్ సాకెట్‌కు పెట్టండి. వెలిగితే జనరేటర్ బాగుంది, లోపం వైరులోనో చేంజోవర్ స్విచ్‌లోనో ఉంది. వెలగకపోతే అన్ని లోడ్లూ తీసి మల్టీమీటరుతో కొలవండి. మూడు నుంచి పది వోల్టుల వరకు ఏదో కొద్దిగా చూపితే లోపల అయస్కాంత శక్తి మిగిలే ఉంది, ఏవీఆర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) గానీ, కార్బన్ బ్రష్‌లుగానీ, బ్రష్ లేని రకమైతే కెపాసిటర్‌గానీ పోయింది. సున్నా చూపితే చాలాకాలం వాడనందువల్ల ఆ శక్తి పోయి ఉండవచ్చు, మెకానిక్ 12 వోల్టుల బ్యాటరీతో దాన్ని తిరిగి ఎక్కిస్తాడు. ప్లస్, మైనస్ తారుమారైతే ఏవీఆర్ కాలిపోతుంది కనుక ఆ పని మీరు చేయకండి.

    ఇంజిన్ ఆపి, వెనుక మూత తీసి బ్రష్‌ల వరకు మాత్రం చూడవచ్చు. స్ప్రింగుతో స్వేచ్ఛగా కదలాలి, అవి రాసుకునే రాగి రింగులు మెరవాలి. తుప్పు, పచ్చదనం ఉంటే సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్ది తుడవండి. కెపాసిటర్‌ను ముట్టుకోకండి, ఆపాక కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. ఇన్వర్టర్ రకం జనరేటర్ మూత అసలు తీయకండి. ఓవర్‌లోడ్ దీపం వెలిగితే లోడు తీసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే సరిపోతుంది.

బాగైందని ఎలా తెలుస్తుంది?

ఖాళీగా అయిదు నిమిషాలు నడిపి, చోక్ పూర్తిగా తీశాక కూడా శబ్దం ఒకే తీరున ఉందో లేదో వినండి. మల్టీమీటరులో 230 వోల్టుల దగ్గర ఉండాలి, 207 కంటే తగ్గినా 253 దాటినా ఏమీ తగిలించకండి. తరువాత ముందు ఫ్రిజ్, అది అందుకున్నాక ఫ్యాన్లు, చివర దీపాలు ఒక్కొక్కటిగా ఇస్తూ వోల్టేజీ గమనించండి. ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు నడిచేటప్పుడు తీసుకునే దానికి అయిదారు రెట్లు స్టార్ట్ అయ్యే క్షణంలో లాగుతుంది. రెండు కేవీఏ జనరేటర్ దాన్ని మోయలేక ఆగిపోతే అది రిపేరు కిందికి రాదు. అలాగే జనరేటర్ నడుస్తున్నా ఇంటి ఇన్వర్టర్ ఛార్జింగ్ తీసుకోకపోతే, దాని వెనుక యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటే నార్మల్‌కు మార్చి చూడండి. అరగంట లోడుతో నడిచి, ఆపి, పది నిమిషాల తరువాత ఒకటి రెండు లాగులకే మళ్లీ స్టార్ట్ అయితేనే పని పూర్తయినట్టు.

మళ్లీ మూలన పెట్టేటప్పుడు

స్విచ్‌తో ఆపకండి. కాక్ మూసి, గిన్నెలోని పెట్రోల్ అయిపోయి ఇంజిన్ తనంతట తానే ఆగేదాకా నడవనివ్వండి, డ్రెయిన్ స్క్రూతో మిగిలిన చుక్కలు కూడా తీసేయండి. రెండు నెలలకు మించి వాడరనుకుంటే ట్యాంకు కూడా ఖాళీ చేసి, ఆ పెట్రోల్‌ను తాజాగా ఉండగానే స్కూటర్‌లో పోసుకోండి. నెలకోసారి కొంచెం పెట్రోల్ పోసి, పావుగంట లోడుతో నడిపి, మళ్లీ ఇలాగే ఆపండి. ఆయిల్ ప్రతి 100 గంటలకు లేదా ఆరు నెలలకు మార్చండి. నేను ట్యాంకు మీద ఒక కాగితం అంటించి, పెట్రోల్ పోసిన తేదీ, చివరిసారి నడిపిన తేదీ, ఆయిల్ మార్చిన తేదీ రాసి ఉంచుతున్నాను. వాయుగుండం వార్త వినగానే మొదట వెళ్లి చూసేది ఆ కాగితమే.